నూనూగు మీసాల దగ్గర ఆగిపోయిన కథ

మా నానీ ఉర్దూలో ఒక మాట అనేది. "బచ్చే కీ మసేఁ భీగ్ రహీ హైఁ." పిల్లవాడి పై పెదవి మీది నూగు తడుస్తోంది అని. కనపడీ కనపడకుండా, తడివేలితో గీసినట్టు మీసం వచ్చే వయసుకి ఆ మాట. తెలుగులో అదే వయసుకి నూనూగు మీసాలు అంటాం. రెండు భాషలూ ఆ కుర్రాడిని ముద్దుగానే చూశాయి. ఫార్సీ, ఉర్దూ గజల్ అయితే చెంప మీది ఆ లేత నూగుని సబ్జా అంది, పచ్చిక అంది. దాన్నే ఖత్ అని కూడా అంది. ఖత్ అంటే ఉత్తరం కూడా కాబట్టి శాయర్లకు అదొక శ్లేషగా వందల ఏళ్లు పనికొచ్చింది.

ఈ రెండు భాషల మధ్య బతికిన నేను పత్రికలో చేరాక మూడో భాష నేర్చుకున్నాను. డెస్కు భాష. అందులో పదిహేనేళ్లవాడూ, ఇరవై అయిదేళ్లవాడూ ఒక్కడే. పేరు ముస్లింది అయితే చాలు, ఇద్దరూ 'ముస్లిం యువకుడు'. నూనూగు మీసాలు అన్న మాట ఆ వార్తల్లో రాయగా నేను చూడలేదు. నేనూ రాయలేదు.

ఈ మాట ఎందుకు పోయింది? దాన్ని పోగొట్టింది పోలీసులూ, పత్రికలూ, సినిమాలూ మాత్రమేనా? ఇన్నేళ్లుగా మన అస్తిత్వం గురించి రాస్తున్న మనకి ఇందులో భాగం లేదా? ఉందనే నా అభిప్రాయం. అది చెప్పాలంటే ముందు ఒక ప్యాంటు సంగతి చెప్పాలి.

1992 డిసెంబర్ 6 నాటికి నాకు పదమూడేళ్లు. నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు మాది. ఆ ఏడు ఏప్రిల్‌లో రంజాన్‌కి కుట్టించిన ప్యాంటు డిసెంబరు వచ్చేసరికి చీలమండల పైకి ఎక్కింది. అమ్మీ కింది మడత విప్పి మళ్లీ కుట్టింది. పాత మడత ఉన్నచోట రంగు వెలవని గీత ఒకటి మిగిలింది. జనవరిలో ఆ గీత కూడా పైకి పోయింది. ఇక విప్పడానికి లోపల బట్ట లేదు. అలాగే వేసుకుని ఒకరోజు బస్సెక్కాను. పక్క సీటు పెద్దమనిషి నా కాళ్లకేసి చూసి, "ఏం సాయిబూ, నువ్వు గూడ జమాత్‌ల కలిసినవా?" అన్నాడు. తబ్లీగ్‌కి పోయేవాళ్లు పైజామా చీలమండల పైకి కుట్టించుకుంటారు కదా, అదీ ఆయన లెక్క. నాకు అర్థం కాలేదు. అప్పటికి నేను జుమ్మా నమాజ్‌కే సరిగా పోయేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను. అబ్బా నవ్వలేదు. మర్నాడు అరువు మీద గుడ్డ తెచ్చి దర్జీకిచ్చాడు. రేషన్‌కి డబ్బుల్లేని నెల అది.

పెరిగింది నా కాళ్లు. ఆ పెద్దమనిషి కంటికి పెరిగింది నా మతం.

ఆయన చెడ్డవాడని నేననను. ఆ నెలల్లో అందరూ అందరినీ అలాగే చదువుతున్నారు. కాకపోతే పెరుగుతున్న ఒంటిని చదవడం చాలా కష్టం. మగపిల్లల్లో పెరుగుదల సాధారణంగా పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య అన్నిటికంటే వేగంగా సాగుతుంది. కొందరికి ముందు, కొందరికి వెనక. బాగా వేగంగా ఉన్న ఏడాదిలో తొమ్మిది, పది సెంటీమీటర్లు ఎత్తు రావడం వింతేమీ కాదు. ముందు పాదాలూ, అరచేతులూ పెరుగుతాయి. తర్వాత కాళ్లు. అన్నిటికంటే చివర మొండెం. అందుకే ఈ వయసు కుర్రాడు తన ఒంట్లో తనే కిరాయికి ఉన్నట్టు నడుస్తాడు, గడపకు కాలు తగిలించుకుంటాడు. బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ టానర్ 1955లోనే 'గ్రోత్ ఎట్ అడోలసెన్స్' అనే పుస్తకంలో ఈ పెరుగుదల క్రమాన్ని వివరంగా రాశాడు. ఇప్పటికీ పిల్లల డాక్టర్లు ఆయన పేరు మీది దశలతోనే కొలుస్తారు.

అందులో నాకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. బలం ఎత్తుతో పాటు రాదు. ఎత్తు పెరిగే వేగం తగ్గడం మొదలయ్యాక, సుమారు ఏడాది తర్వాతగాని కండబలం పుంజుకోదు. అంటే ప్రతి కుర్రాడి బతుకులో ఒక ఏడాది ఉంటుంది. చూసేవాళ్లకి మగాడిలా కనపడతాడు, లోపల మగాడి బలం ఉండదు. గొంతు మారి ఉంటుంది, ఆ గొంతులో ఏం మాట్లాడాలో తెలియదు. మెకానిక్ షెడ్డులో సేఠ్ ఆ ఎత్తు చూసి ఇంజను ఎత్తమంటాడు. నడుం పడుతుంది. ఏ కులంవాడికైనా, ఏ మతంవాడికైనా ఆ ఏడాది ఇబ్బందే. ముస్లిం కుర్రాడికి అది ప్రమాదం కూడా.

నా ఫిర్యాదు ఏమిటంటే మన సాహిత్యంలో ఆ ఏడాది లేదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశాడు. ద్రోహి అనే అనుమానం ముస్లింకి పుట్టుకతోనే ఒంటిమీది మచ్చలా అంటుకుంటుందని చెప్పిన దీర్ఘ కవిత అది. ఆ తర్వాత రాసిన మనలో చాలామందిమి ఆ కవిత అరుగు మీద కూర్చునే మొదలుపెట్టాం. ఆ రుణం తీరేది కాదు. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' కథలు వచ్చాయి. అప్పటిదాకా తెలుగు పేజీ మీద లేని ఇళ్లూ, వంటలూ, మేనత్తలూ, మసీదు మెట్లూ వచ్చాయి. శరీరమూ వచ్చింది. ఏ శరీరం? సున్తీ అయిన శరీరం. టోపీ పెట్టిన తల. అల్లర్లలో లుంగీ విప్పించి చూసే శరీరం. విభజన కథల నుంచి ఉపఖండమంతా ఆ ఒక్క గుర్తు చుట్టూ తిరిగింది, మనమూ తిరిగాం. ఆ గుర్తు నిజం, ఆ భయమూ నిజం. నాకున్న పేచీ వేరు. గుర్తు ఒకసారి పడితే మారదు. సున్తీ పూలదండలేసి చిన్నప్పుడే అయిపోతుంది. పుట్టుమచ్చ పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంటుంది. కుర్రాడు మాత్రం ఆర్నెల్లకొకసారి మారిపోతుంటాడు. గుర్తుని రాసినంత బాగా ఆ మారడాన్ని మనం రాయలేదు.

అదే కాలంలో ఆడవాళ్లు ఏం చేశారో చూడండి. 1993లో 'నీలి మేఘాలు' వచ్చేటప్పటికే స్త్రీవాదులు ఒంటిని తెలుగు కవిత్వంలోకి తెచ్చి కూర్చోబెట్టారు. గోల జరిగింది, బూతన్నారు, వాళ్లు వెనక్కి తగ్గలేదు. మన ఇళ్ల నుంచి షాజహానా లాంటివాళ్లు బురఖా లోపలి ఊపిరిని కూడా రాశారు. ఆడపిల్ల పెద్దమనిషి కావడం మీద తెలుగులో కవితలున్నాయి, కథలున్నాయి. మగపిల్లవాడు పెద్దవాడు కావడం మీద? దాన్ని రాయాల్సిన మగవాళ్లం కవిత్వంలో నేరుగా ముసలి అబ్బా దగ్గరికో, చనిపోయిన అన్న దగ్గరికో వెళ్లిపోయాం. మధ్యలో మన పద్నాలుగో ఏడు ఎక్కడ పారేసుకున్నామో వెతకలేదు. సిగ్గు కొంత. దీనికేం సాహిత్యం అనే చిన్నచూపు ఇంకొంత.

ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' 1999లో వచ్చాయి. నెల్లూరు జిల్లా కావలి కుర్రాడి కథలు. ముస్లిం పిల్లవాడికి ఆకలేస్తుందనీ, జిహ్వ ఉంటుందనీ, వాడు అబద్ధాలాడి దెబ్బలు తింటాడనీ తెలుగు పాఠకుడు హాయిగా నవ్వుకుంటూ ఒప్పుకున్న పుస్తకం అది. రాజకీయ కవిత్వం చేయలేని పని కొంత ఆ పుస్తకం చేసిందని నా నమ్మకం. అయినా మూసేశాక నాకు గుర్తుండిపోయేది పిల్లవాడే. పిల్లవాడు కాబట్టే తెలుగు ఇల్లు వాడిని లోపలికి రానిచ్చి అన్నం పెట్టిందేమో. వాడికి మీసాలొచ్చాక కూడా ఆ తలుపు అంతే తెరుచుకుంటుందా అన్నది ఆ పుస్తకాన్ని ఇష్టపడిన నాలాంటివాళ్లం అడగాల్సిన ప్రశ్న. రచయితను కాదు, ఆ తలుపు ఉన్నవాళ్లను.

మనం రాయకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. మన కథల్లో ముస్లిం మగవాడు ఎలా ఉంటాడో ఒకసారి గుర్తుచేసుకోండి. రిక్షా తొక్కి దగ్గేవాడు. బీడీలు చుట్టి వంగిపోయినవాడు. పంచర్లు వేసేవాడు, దూది ఏకేవాడు, ఎముకల గూడు. ఎందుకంటే ఎముకల గూడుని చూసి ఎవరూ భయపడరు. పాఠకుడి జాలి కావాలంటే మనవాడు బక్కగా ఉండాలని మనకెవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. దండలు తిరిగిన చేతులున్న పదిహేడేళ్ల ఖురేషీ కుర్రాడు, తెల్లవారుజామున దుకాణంలో పొట్టేలుని ఒంటిచేత్తో కొక్కానికి తగిలించేవాడు, మన వీధిలో ఉన్నాడు. మన కథలో లేడు. వాడిని రాస్తే అవతలివాళ్ల భయాన్ని మనమే నిజం చేసినట్టవుతుందని భయం. బలంగా ఉన్న మన కుర్రాడిని చూసి భయపడేవాళ్లలో మొదటి వరుస మనదే.

మన భయానికి చరిత్ర లేదని కాదు. తెలంగాణలో బలమైన ముస్లిం మగవాడు అనగానే మెదిలే బొమ్మ రజాకారు. తొమ్మిదో తరగతిలో కబడ్డీలో ఒకడిని గట్టిగా పట్టి పడేస్తే నా దోస్తులే నన్ను ఆ పేరుతో పిలిచారు. పరాచికానికే. వాళ్లలో ఇద్దరు ఇవాళ్టికీ నా ప్రాణస్నేహితులు. 1948 సెప్టెంబర్ దగ్గర ముగిసిపోవాల్సిన మాట 1994లో నా మెడ మీద కూర్చుంది. 2024లో ఏకంగా ఆ పేరుతోనే సినిమా వచ్చింది.

సినిమా అన్నాను కాబట్టి అక్కడికీ పోదాం. తెలుగు సినిమాలో కుర్రతనం ఉండదు. పరుగెత్తే చిన్న కాళ్లు చూపిస్తారు, ఒక్క కట్ పడుతుంది, అవి హీరో కాళ్లయిపోతాయి. పదేళ్ల కష్టం ఎడిటింగ్ టేబుల్ మీద ముగుస్తుంది. ఏ హీరోకైనా ఇంతే కాబట్టి అందులో వివక్ష లేదంటారా? హీరో విషయంలో కట్ తర్వాత వచ్చేవాడు మనవాడు. ముస్లిం కుర్రాడి విషయంలో ఎవరొస్తాడు? 2002లో కృష్ణవంశీ తీసిన 'ఖడ్గం' చూడండి. ప్రకాశ్‌రాజ్ వేసిన అమ్జద్ దేశభక్తుడు. అతని తమ్ముడు అజర్ ఉగ్రవాది. అమ్జద్ పాత్ర మీద అప్పట్లో మనవాళ్లు రెండు రకాలుగా వాదించుకున్నారు. దేశభక్తి సర్టిఫికెట్ చూపిస్తేగాని ముస్లింకి తెర మీద చోటు లేదా అని కొందరు, కనీసం చోటిచ్చారు కదా అని ఇంకొందరు. ఇద్దరూ అన్న గురించే వాదించుకున్నారు. నా దృష్టి తమ్ముడి మీద. అతని పద్నాలుగో ఏడు ఎలా గడిచిందో ఆ సినిమాకి అక్కర్లేదు. ఏ రాత్రి ఆకలితో లేచి గిన్నెలు వెతికాడు, ఎవరి చెల్లెల్ని చూసి గొంతు పెగలక నిలబడ్డాడు, ఏ బస్సులో ఎవరేం అన్నారు? ఏమీ లేదు. ఒక ఇంట్లోంచి ఒక తమ్ముడు మాయమై ఒక ఆయుధం తిరిగొచ్చింది. మధ్యలో ఉన్నదంతా 'బ్రెయిన్‌వాష్' అనే ఒక్క మాటలో సర్దేశారు. అన్నకిచ్చిన కన్నీళ్లలో సగం తమ్ముడి ఎదిగే రోజులకిచ్చి ఉంటే ఆ సినిమా ఇంకోలా ఉండేది. బహుశా ఆడేది కాదు.

'ది అంగ్రేజ్'లో మన పాతబస్తీ కుర్రాళ్లు మనకిష్టమైన దక్కనీలో మాట్లాడారు. సలీం ఫేకూ కోతలకి నేనూ పడి పడి నవ్వాను, ఇప్పటికీ నవ్వుతాను. చార్మినార్ దగ్గర కూర్చుని కోతలు కోయడం, కొట్లాటకి రమ్మంటే జారుకోవడం. బలం ఉంటే ఉగ్రవాది, లేకపోతే జోకర్. మధ్యవాడు లేడు. వీటికంటే చాలా ముందు, 1989లో, సయీద్ అఖ్తర్ మీర్జా 'సలీం లంగ్డే పే మత్ రో' తీశాడు. బొంబాయి గల్లీ రౌడీ సలీం నడకలో కుంటి, ఠీవి రెండూ ఒకేసారి ఉంటాయి. పవన్ మల్హోత్రా నడిచిన ఆ నడక మీద ఎవరైనా ఒక వ్యాసమే రాయొచ్చు. ఒంటి ద్వారా ఒక ముస్లిం కుర్రాడి పరువుని చూపించిన అరుదైన సినిమా అది. మారదామనుకున్న సలీంని చివర్లో చంపేస్తారు. ఏడవొద్దని పేరులోనే చెప్పినా నేను ఏడ్చాను.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. 2007లో మక్కా మసీదులో మే 18న, గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో ఆగస్టు 25న బాంబులు పేలాయి. ఆ తర్వాత పాతబస్తీ కుర్రాళ్లని ఎంతోమందిని పట్టుకెళ్లారు. మక్కా మసీదు పేలుడు తర్వాత అలా పట్టుకెళ్లినవాళ్లలో చాలామందిని కోర్టులు నిర్దోషులని వదిలేశాయి, ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. ఆ రోజుల్లో నేను ఒక పత్రికలో సబ్‌ఎడిటర్‌ని. ఒక రాత్రి ఒక చిన్న కేసు వార్త నా ముందుకొచ్చింది. బాంబులతో సంబంధం లేనిదే. వయసు పదహారని రాసి ఉంది. ఫొటోలో ముఖానికి నల్లగుడ్డ. ముఖం లేనప్పుడు కన్ను ఒంటి మీదికి పోతుంది. చొక్కా చేతులు మణికట్టు దాకా రాలేదు. మూడు వేళ్ల పొడుగున మణికట్టు బయటికొచ్చి ఉంది. ఆ చొక్కా కొన్నప్పుడు సరిపోయే ఉంటుంది. నాకు నా ప్యాంటు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా హెడ్డింగ్‌లో 'యువకుడి అరెస్టు' అని రాశాను. 'బాలుడు' అంటే పాఠకుడు నవ్వుతాడనుకున్నాను. 'కుర్రాడు' అంటే వెనకేసుకొస్తున్నట్టు ఉంటుందనుకున్నాను, నా పేరు చూసి ఎవరైనా ఆ మాటే అంటారనీ అనుకున్నాను. పొద్దుటి ఎడిషన్‌లో అలాగే అచ్చయింది.

చట్టం కూడా ఆ మణికట్టు దగ్గరే తడబడుతుంది. 1986 బాలనేరస్తుల చట్టంలో మగపిల్లవాడి బాల్యం 16 ఏళ్లతో సరి. 2000 చట్టం దాన్ని 18 చేసింది. 2012 డిసెంబర్‌ ఢిల్లీ ఘటన మీది కోపం చల్లారకముందే వచ్చిన 2015 చట్టం, ఘోరమైన నేరాల్లో 16 నిండినవాడిని పెద్దవాడిలా విచారించడానికి దారి తెరిచింది. దానికి ముందు బోర్డు ఆ కుర్రాడి మానసిక సామర్థ్యంతో పాటు శారీరక సామర్థ్యాన్ని కూడా అంచనా వేయాలి. ఆ చట్టంలోనే ఇంకోచోట, చూడగానే పిల్లవాడని తెలిసిపోతుంటే బోర్డు ఆ మాటే రాసుకుని ముందుకు పోవచ్చని ఉంది. చూడగానే! ఎవరు చూడగానే, ఏ పేరున్న కుర్రాడిని చూడగానే అన్నదే కదా మనం ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నది. అనుమానం ఉంటే స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే మునిసిపాలిటీ పుట్టిన సర్టిఫికెట్, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఎక్స్‌రేలో ఎముకల చివరలు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి వయసు చెబుతారు. ఈ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని 1982లోనే జయమాల కేసులో సుప్రీంకోర్టు అంది. పదిహేడేళ్లవాడికి ఆ రెండేళ్లే జీవితం. బడి మధ్యలో మాన్పించి వెల్డింగ్ షాపులో పెట్టిన కుర్రాడికి, ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టినవాడికి, కాగితాలు లేవు. వాడి తరఫున సాక్ష్యం చెప్పేది వాడి మణికట్టు ఎముక ఒక్కటే.

ఎముక అనగానే నాకు ఒక తాలీం ఉస్తాద్ గుర్తొస్తాడు. రిపోర్టింగ్‌లో ఉన్నప్పుడు ఫీచర్ కోసమని పాతబస్తీలో ఒక తాలీంఖానాకి పోయాను. కొత్తగా తాడిచెట్టులా ఎదిగిన ఒక కుర్రాడు పెద్ద కర్లాకట్ట ఎత్తబోతే ఉస్తాద్ చేయి పట్టుకుని ఆపాడు. "హడ్డీ కచ్చీ హై అభీ" అన్నాడు. ఎముక ఇంకా పచ్చిది. దండీలూ, బైఠక్‌లూ తీయి, బాదం పాలు తాగు, బరువు తర్వాత. ఎక్స్‌రే లేకుండా కుర్రాడి వయసు సరిగ్గా చెప్పిన మనిషిని ఆయన్నే చూశాను. టానర్ పేరు ఆయన విని ఉండడు. ఎత్తుకీ, బలానికీ మధ్య ఉండే ఆ ఏడాది సంగతి మాత్రం ఆయన చేతికి తెలుసు.

నేను రాసిన ఫీచర్ అచ్చయ్యేటప్పటికి దాని శీర్షికలో 'పహిల్వాన్' అన్న మాట కొటేషన్ గుర్తుల మధ్య పడింది. పత్రికల్లో ఆ మాటకి అర్థం అప్పటికే మారిపోయింది. భూముల సెటిల్‌మెంట్లు చేసేవాడు పహిల్వాన్. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడుని తెలుగువాళ్లు కలియుగ భీముడని పిలుచుకున్నారు, సంతోషమే. మా తాలీం నుంచి వచ్చినవాడికి మాత్రం భీముడి పక్కన చోటు దొరకలేదు, రౌడీ షీట్ పక్కన దొరికింది.

హైదరాబాద్‌లో కొన్ని మొహల్లాల పేర్లే బలం మీద పడ్డాయి. బార్కస్ అంటే బ్యారక్స్. నిజాం ఫౌజులో పనిచేసిన అరబ్బుల నివాసం. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, సిద్దీ సైనికులది. కండలు చూసి తెచ్చుకున్న మనుషులు. సంస్థానం పోయింది, ఫౌజు పోయింది. కండలు వారసత్వంగా మిగిలిన మనవళ్లు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. కొందరు గల్ఫ్‌కి పోయారు, కొందరు మర్ఫా వాయించారు, ఎందరో కుస్తీ పట్టారు, ఫుట్‌బాల్ ఆడారు.

ఫుట్‌బాల్ పేరెత్తి రహీం సాబ్‌ని తలుచుకోకపోతే పాపం. సయ్యద్ అబ్దుల్ రహీం, బడి పంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా దేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చుకుంది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో క్యాన్సర్‌తో పోయారు. 2024లో ఆయన మీద 'మైదాన్' వచ్చింది. ఒక ముస్లిం మాస్టారిని దేశం కన్నీళ్లతో చూసింది, బాగుంది. కానీ ఆ సినిమా 1952 హెల్సింకి ఓటమితో మొదలై 1962 జకార్తా బంగారంతో ముగుస్తుంది. ఆటగాళ్లు దాదాపు తయారై దొరుకుతారు. రహీం సాబ్ అసలు గొప్పతనం తయారుచేయడంలో ఉంది. బంతి డ్రిబుల్ చేయకూడదని ఒక పోటీ, బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో పోటీ పెట్టించారాయన. పెరుగుతున్న ఒంట్లో ఒక కాలు మాట వింటుంది, ఇంకోటి వినదు. వినని కాలికి ఓపిగ్గా చెప్పడం ఆయన చదువు. ఆ మైదానం, ఆ వినని కాలు కెమెరాకి దొరకలేదు. పతకం దొరికింది. మళ్లీ అదే కట్.

తిండి సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఐసీఎంఆర్ 2020 లెక్కలో 16 నుంచి 18 ఏళ్ల మగపిల్లవాడికి రోజుకి సుమారు 55 గ్రాముల ప్రోటీన్ కావాలి. పెద్ద మగవాడికి చెప్పినదానికంటే తక్కువేం కాదు. పేద ముస్లిం ఇంట్లో, పేద మాదిగ ఇంట్లో ఆ లెక్క పూర్తిచేసింది పెద్దకూర. వేరే మాంసం కొనే తాహతు లేదు. మా అమ్మీ అది నా టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ పెట్టలేదు. మధ్యాహ్నం నాకు ఖట్టీ దాల్, అన్నం. రాత్రి నేనూ, మా తమ్ముడూ ఆఖరి ముక్క కోసం కొట్టుకునేవాళ్లం. నా భుజాలు దేనితో తయారయ్యాయో బడిలో చెప్పకూడదని ఆ డబ్బా మూత నాకు రోజూ నేర్పింది. దళిత రచయితలు ఆ కూర గురించి తల ఎత్తుకుని రాశారు. మనం బిరియానీ దగ్గర ఆగాం. బిరియానీని అందరూ మెచ్చుకుంటారు కాబట్టి.

మనవాళ్లెవరైనా ఈ కుర్రాడిని రాస్తే చదవాలని ఉంది. వాడు అమాయకుడు కానక్కర్లేదు. గల్లీలో పతంగి కోసం తల పగలగొట్టినవాడైనా సరే, అద్దంలో చేతులు మడిచి కండ చూసుకునేవాడైనా సరే, తరావీహ్ ఎగ్గొట్టి కబడ్డీకి పోయేవాడైనా సరే. వాడి చేతిలో బలం ఉండాలి. ఆ బలాన్ని చూసి రచయిత కంగారుపడకూడదు.

మా వాడికి ఈ జూన్‌లో పదమూడు నిండాయి. చెప్పుల సైజు ఇప్పటికే నాది దాటింది. స్కూలు ప్యాంటు గుడ్డ తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్లాం. ఆయన కొలత తీసుకుని, వాడి పాదాలకేసి చూసి, నన్నేమీ అడక్కుండానే లోపల మూడంగుళాలు మడత వదిలాడు. డిసెంబరుకి విప్పుకోవచ్చన్నాడు.